లసుమవ్వ చూపించిన పొద్దు

కొండగట్టు మీద నా కొబ్బరికాయల దుకాణానికి వచ్చేవాళ్లు అడిగేవి రెండే మాటలు. కాయ ఎంత, దర్శనానికి ఎంతసేపు పడుతుంది. లసుమవ్వ మొదటిసారి వచ్చి అడిగింది మాత్రం వేరే.

"అన్నా, గీ గుట్ట మీద పొద్దుపొడుపు ఎక్కడికెళ్లి మంచిగ కనవడ్తది?"

నాకు ఒళ్లు మండింది. ఈ మధ్య జనానికి ఈ జబ్బొకటి పట్టుకుంది. జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి కుర్రాళ్లు తెల్లారకముందే బండ్లేసుకొని వచ్చి, గుడి మొహం కూడా చూడకుండా వెనకవైపు పెద్దబండ ఎక్కుతారు. సూర్యుణ్ణి అరచేతిలో పట్టుకున్నట్టు ఒకడు, నోట్లో వేసుకున్నట్టు ఇంకొకడు ఫోటోలు దిగుతారు. ఒక్కడూ కాయ కొనడు. సాక్షాత్తు ఆంజనేయుడే చిన్నతనంలో పండనుకొని దానికోసం ఎగిరి దవడ పగలగొట్టుకున్నాడు, వీళ్లెంత. కానీ ఈమెకు నలభై దాటి ఉంటాయి. మాసిన శాలువా, వేళ్లకు బీడీల తంబాకు మరక. ఈమెకూ అంటిందా ఈ పిచ్చి అనుకున్నాను.

"ఏం, ఫోటో దిగుతవా?" అన్నాను.

"నాకు గాదన్నా. మీ బావకు జూపెట్టాలె."

నన్ను అన్నా అన్నది కాబట్టి ఆమె మొగుడు నాకు బావ అయ్యాడు. మా దిక్కు చుట్టరికాలు ఇంత తేలిగ్గా కలుస్తాయి, వదిలించుకోవడమే కష్టం. ఆ బావ దుకాణం పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నెత్తి మీది నుంచి నల్లగొంగడి కప్పుకొని, ముక్కు కొస కూడా బయటికి కనబడకుండా ముడుచుకొని ఉన్నాడు. నడి మధ్యాహ్నం అది.

ఆయన పేరు కొమురెల్లి. వాళ్లది కోరుట్ల దగ్గర పల్లె. మిగతా కథ ఆమె నాకు ఒకేసారి చెప్పలేదు. మంచినీళ్లకు వచ్చినప్పుడు కొంత, గిరాకీ లేని వేళ నా పక్కన కూర్చుని కొంత చెప్పింది. నా పేరు తెలుసుకొని సారన్నా అని పిలుస్తూ, నేను అడగకపోయినా చెప్పేది. అడగనివాడికి చెప్పుకోవడంలో ఏదో సుఖం ఉంటుందేమో.

కొమురెల్లి పద్నాలుగేళ్లు సౌదీలో ఉన్నాడు. మావాళ్లు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు, ఆ లెక్కన దుబాయి. కట్టే భవంతుల మీద సలాకలు వంచి కట్టే పని. శుక్రవారం ఒక్కటే అక్కడ సెలవు. జుమ్మా అంటారు. ఆ రోజు పొద్దెక్కేదాకా పడుకొని, లేచి, బట్టలు ఉతుక్కొని, ఇంటికి ఫోన్ చేసేవాడు. లసుమవ్వ ఆ రోజు బీడీల చాట ముందర పెట్టుకొని, ఫోన్ ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. ఆ పద్నాలుగేళ్లలో వాళ్లు ఒక్క కప్పు కింద ఉన్నవి కొన్ని నెలలే. మిగతా కాపురమంతా శుక్రవారాలే. పిల్ల చెవులు కుట్టించాలా వద్దా, ఇంటికి రేకులేయాలా స్లాబేయాలా, అన్నీ శుక్రవారం తేలాల్సిందే.

ఫోన్ పెట్టేసే ముందు జాగ్రత్త చెబుతూ ఆమె ప్రతిసారీ ఒకటే మాట అనేది. "పైలం. ఎండల తిరుగకు." ఆయన ప్రతిసారీ నవ్వేవాడట. "ఎండల తిరుగకపోతే నన్ను గిక్కడ ఎందుకుంచుకుంటరే లసుమీ?"

ఆమెను లసుమీ అని పిలిచేది ఆయనొక్కడే. తల్లిగారింట్లో కూడా అట్లా పిలిచేవాళ్లు లేరట. ఈ సంగతి నాకు మూడు నాలుగు సార్లు చెప్పింది.

మొన్నటి ఎండాకాలం కాక అంతకుముందు ఎండాకాలం ఆయన స్లాబు మీద కుప్పకూలాడు. వడదెబ్బ తలకెక్కిందన్నారు. అక్కడే ఆస్పత్రిలో ఉంచి, లేచి నడవగలిగాక విమానం ఎక్కించి పంపారు. మనిషి వచ్చాడు, మాట రాలేదు. అన్నం పెడితే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు. వెలుతురంటే మాత్రం ప్రాణం పోతుంది. తలుపు సందులోంచి ఎండ గీత లోపలికి వస్తే మూలకు జరుగుతాడు. గీత జరిగినకొద్దీ తనూ జరుగుతాడు. కిటికీలకు యూరియా సంచులు కట్టి ఆ చీకట్లోనే బీడీలు చుట్టింది లసుమవ్వ. కరీంనగర్ డాక్టరు మందులు రాసి, మానొద్దన్నాడు, మాట ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడు. ఆమె మానలేదు. వేయాల్సిన గోళీ వేళకు వేస్తూనే, తాయెత్తు కట్టించింది, కోడిని తిప్పి వేయించింది, ఆఖరికి ఇక్కడికి తీసుకొచ్చింది.

ఈ గుట్టకు ఆ పేరుంది కదా. మతి తప్పినవాళ్లను, గాలి సోకిందనుకున్నవాళ్లను తెచ్చి మండలం పాటు ఇక్కడే ఉంచుతారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, గుడి చుట్టూ ప్రదక్షిణలు, మండపంలో పడక. కొందరు తేరుకొని నడిచిపోవడం చూశాను. తేరుకోనివాళ్లు ఎటు పోతారో ఎవరూ చెప్పుకోరు, నేనూ అడగను.

లసుమవ్వకు ప్రదక్షిణలు చాలలేదు. ఆమె సొంతంగా ఒక వైద్యం కనిపెట్టుకుంది.

"కుక్క కరిసినోడు కుక్కను జూస్తే వణుకుతడు గదా సారన్నా. గని కుక్కపిల్లను జూపెడ్తే? మెల్లగ దగ్గరికి తీస్తడు. గిది గూడ గంతే. పుష్యమాసం పొద్దు, అప్పుడే పొడిసిన పొద్దు, ఏం జేస్తది? పైన చలి, గాలి. ఎండ అన్న మాటే ఉండది. దాన్ని ఒక్కసారి కండ్లు దెరిసి జూసిండనుకో, గిదేనా నేను భయపడ్డదనుకుంటడు."

"ఇంత తెలివి పెట్టుకొని బీడీలెందుకు చుడుతున్నవ్ చెల్లె? దవాఖాన తెరువు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఒక్కసారి నన్ను లసుమీ అని పిలిస్తే సాలు సారన్నా. ఇంకేం బాగు గాకున్నా మంచిదే."

ఆ మాట తర్వాత నేను ఎగతాళి మానేశాను.

రోజూ చీకటి ఉండగానే ఆయన చెయ్యి పట్టుకొని పెద్దబండ ఎక్కించేది. అది చిన్న పని కాదు. మెట్లు ఉండవు, రాళ్ల మధ్య ఒక్క మనిషి పట్టే దారి. పైకి వెళ్లాక ఆయన తూర్పుకు వీపు పెట్టి గొంగట్లో ముడుచుకొని కూర్చునేవాడు. ఆమె తిప్పి కూర్చోబెడితే మళ్లీ తిరిగేవాడు. గొంగడి లాగితే రెండు చేతులతో గట్టిగా పట్టుకొనేవాడు. సూర్యుడు పైకి వచ్చేవాడు, కుర్రాళ్లు ఫోటోలు దిగి పోయేవాళ్లు, ఈ ఇద్దరూ దిగి వచ్చేవాళ్లు. దిగి వస్తున్నప్పుడు ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపేది. నేను ఏదో పని ఉన్నట్టు పీచు తీస్తూ ఉండేవాణ్ణి.

మండలం నిండే రోజు వచ్చింది. ఆ రాత్రి నుంచే గాలి లేచింది. చలికి తోడు గాలి, ఒళ్లు కోసేస్తోంది. దుకాణం పరదా పటపటా కొట్టుకుంటూ నన్ను నిద్ర పోనివ్వలేదు. తెల్లవారుజామున లసుమవ్వ వచ్చి, "ఇయ్యాల నువ్వు గూడ రా సారన్నా, నాకొక్కదానికి ఆగుతలేడు" అంది. రేపటి నుంచి ఈమె ఇక్కడ ఉండదు. దింపుడుకల్లం ఆశ అని తెలుస్తూనే ఉంది. శవం చెవిలో పేరు పెట్టి పిలిచినప్పుడు కూడా లేస్తాడేమోనని చూస్తాం కదా, అట్లాగే లేచి మఫ్లర్ చుట్టుకొని బయల్దేరాను.

నేను ముందు, మధ్యలో కొమురెల్లి, వెనక ఆమె. పైన నిలబడే వీలు లేదు. గాలి మనిషిని తోసేస్తోంది. ఆ చలికి భయపడి కుర్రాళ్లు కూడా రాలేదు. బండ మీద ముగ్గురం కూర్చున్నాం. కింద మల్యాల చెరువు మీద మంచు. జగిత్యాల రోడ్డు మీద దీపాలు వేసుకొని మొదటి బస్సు మెల్లగా గుట్టవైపు వస్తోంది. తూర్పున మొదట బూడిద రంగు వచ్చింది, తర్వాత దాని కింద ఎర్రగా ఒక అంచు. పాతికేళ్లుగా ఈ గుట్ట మీద ఉన్నాను, పొద్దు పొడవడం చూడ్డానికని పైకెక్కి కూర్చున్నది అదే మొదలు. బాగుంటుంది. బాగుండదని చెప్పను.

"ఓ ప్రణీత నాయినా, గిటు సూడు" అంటోంది లసుమవ్వ. ప్రణీత వాళ్ల బిడ్డ, జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుతోంది. "భయం లేదు, నేనున్న. సల్లటి పొద్దు. ఏమనది."

ఆయన ఎప్పటిలాగే పడమటికి తిరిగి గొంగట్లో ఉన్నాడు. సూర్యుడి ముక్క ఒకటి పైకి వచ్చింది. ఆమె గొంగడి అంచు పట్టుకుంది, ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. ఒక్కసారిగా గాలి కింది నుంచి కొట్టి, గొంగట్లో దూరి, దాన్ని ఆయన చేతుల్లోంచి పీకేసింది. గొంగడి బండ మీద దొర్లి, అంచు దాటి, కింద చెట్లలో పడిపోయింది. దాన్ని అందుకోబోయి కొమురెల్లి తూర్పుకు తిరిగాడు.

అంతే, ఆగిపోయాడు. వెలుగు నేరుగా మొహం మీద పడింది.

ఆయన మొహం నేను పూర్తిగా చూడ్డం అప్పుడే. మంచి మొహం, నెరిసిన గడ్డం. కళ్లు మూసుకుంటాడనుకున్నాను, మూసుకోలేదు. అట్లాగే సూర్యుణ్ణి చూస్తూ మెల్లగా లేచి నిలబడ్డాడు. నడుము నిటారుగా అయింది. లసుమవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్నా నేను కదల్లేదు.

"గాడి అచ్చిందా?" అన్నాడు.

ఏడాదిన్నర దాటాక మొదటి మాట. గొంతు బొంగురుగా ఉంది. లసుమవ్వ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఆయన చూస్తున్న వైపు చూసి, గాడి అంటే రోడ్డు మీది బస్సే అనుకొని, "అచ్చింది, అచ్చింది, గదిగో" అంది. ఆ క్షణంలో ఆయన ఏది అడిగినా అవుననే ఉండేది. నేనైనా అంతే.

ఆయన మెడలోని తువ్వాల తీసి తలకు, మొహానికి చుట్టుకున్నాడు. కళ్లు మాత్రమే కనబడేట్టు, ఎంతో అలవాటైన చేతులతో చుట్టాడు. లాగు కింది అంచులు సాక్సుల్లోకి దోపబోయాడు, సాక్సులు లేవు. ఆమె వైపు తిరిగి, "నా డబ్బ ఏదమ్మా?" అన్నాడు.

అమ్మా అన్నాడని నేను విన్నాను. ఆమె వినలేదు, సంతోషంలో ఉంది. "ఏం డబ్బ? సద్ది డబ్బనా? ఇంటికి పోంగనే..." అంటుండగానే ఆయన బండ దిగడం మొదలుపెట్టాడు. రోజూ చెయ్యి పట్టి నడిపిస్తే తప్ప అడుగు వేయని మనిషి, ఆ రాళ్లలో మా కంటే ముందు దిగాడు. మేం కిందికి చేరేసరికి బస్సు వచ్చి ఆగింది. ఆయన జనంలో దూరి లోపలికెక్కాడు. ఎక్కుతూ డ్రైవరు దిక్కు తిరిగి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు, మెడలో వేలాడే కార్డు చూపించబోయినట్టు. కార్డు లేదు. అంగీ తడుముకున్నాడు, జేబులు తీశాడు. మళ్లీ ఛాతీ తడుముకున్నాడు.

"కార్డు లేదు. కార్డు పోయింది సాబ్. హాజరి పోతది." చేత్తో ఛాతీ మీద కొట్టుకుంటున్నాడు. "పొద్దు పొడిసింది సాబ్, నేను లైన్లనే ఉన్న, అందరికంటె ముందే అచ్చిన."

కండక్టర్ మంచివాడే, "దిగు పెద్దమనిషీ, గిది జగిత్యాల బస్సు" అని నచ్చజెప్పబోయాడు. కొమురెల్లి సీటు కడ్డీ పట్టుకొని వదల్లేదు. లసుమవ్వ మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆమె మొహంలోంచి ఇందాకటి వెలుగు పోతూ ఉండటం నేను చూశాను. అంత దగ్గర నుంచి చూడకుండా ఉంటే బాగుండేది.

బస్సు కోసం నిలబడ్డవాళ్లలో దీక్ష బట్టల్లో ఒకతను ఉన్నాడు. దివాకర్, నా దగ్గర కాయలు కొన్నవాడే. కిందటేడే సౌదీ నుంచి వచ్చేశాడు. అతను లసుమవ్వతో మెల్లగా అన్నాడు. "సౌదీల ఉన్నడా అక్కా?"

ఆమె తల ఊపింది.

"సలికాలం అక్కడ గిట్లనే ఉంటది. పొద్దు పొడవకముందే క్యాంపు బయట లైన్ల నిలవెడ్తరు. ఇసుక మీది గాలి గిట్లనే కొడ్తది, గిట్లనే ఇగం వెడ్తది. మొఖాలకు తువ్వాలలు సుట్టుకొని నిలవడ్తం. పొద్దు పొడిసేసరికి కంపెనీ గాడి అస్తది."

సౌదీ అంటే మండే ఎండ ఒక్కటే అనుకున్నాం మేం. అక్కడ చలి ఉంటుందని ఎవరు చెప్పారు మాకు? శుక్రవారం ఫోన్లలో ఆయన ఎన్నడూ చెప్పలేదు. పాపం ఆమె సౌదీకి వీలైనంత దూరంగా ఉండే చోటు వెతికి వెతికి, చలీ గాలీ ఉన్న బండ మీదికి ఎక్కించి, తీసుకుపోయి సౌదీ క్యాంపు గేటు ముందరే నిలబెట్టింది. చీకటి గదిలో ఉన్నన్నాళ్లు ఆయనకు కనీసం డ్యూటీ లేదు.

లోపల ఆయన ఛాతీ కొట్టుకోవడం ఎక్కువైంది. జనం ఫోన్లు తీస్తున్నారు. "తీయకుండ్రి, సిగ్గుండాలె" అని నేను అరిచాను. ఎవరు వింటారు.

అప్పుడు లసుమవ్వ బస్సెక్కింది. కొంగు నడుముకు దోపుకొని, నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడి, పెద్ద గొంతుతో అంది. సిగ్నలు సరిగ్గా లేనప్పుడు ఫోన్లో అరుస్తామే, ఆ గొంతు.

"ఇయ్యాల జుమ్మా. డ్యూటీ లేదు."

ఆయన చెయ్యి ఛాతీ మీద ఆగింది.

"ఛుట్టీ ఇయ్యాల. గాడి రాదు. పోయి పండుకో."

"జుమ్మానా అమ్మా?"

"ఆఁ, జుమ్మానే."

ఆయన భుజాలు కిందికి దిగాయి. తువ్వాల విప్పి మెడలో వేసుకున్నాడు. చిన్నగా నవ్వాడు కూడా. ఆమె చెయ్యి అందుకోకుండానే దిగి, మండపంలోకి పోయి, అలసిపోయిన కూలీ మనిషి పడుకున్నట్టు కాళ్లు బారజాపి పడుకున్నాడు. ఎండ పైకి వచ్చి ఆయన పాదాల మీద పడింది. జరగలేదు. ఇన్ని రోజులుగా ఆమె కోరుకున్నదీ అదే.

ఆ రోజు మంగళవారం. గుడి నిండా జనం, నాకు చేతినిండా గిరాకీ. లసుమవ్వ వచ్చి దుకాణంలో కొబ్బరిపీచు కుప్ప పక్కన కూర్చుంది. చాలాసేపటికి, "నన్ను అమ్మా అన్నడు సారన్నా" అంది. నేను చాయ్ తెప్పించి ఇచ్చాను. తాగలేదు, చల్లారిపోయింది. నాకు చెప్పరానంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. కొబ్బరికాయలు అమ్ముకునేవాడికి దేవుడి మీద అలిగే స్తోమత ఉండదు. అయినా ఆ పూట గుడి వైపు చూడబుద్ధి కాలేదు.

"రేపు పొద్దు పొడిస్తే?" అన్నాను.

"రేపు గూడ జుమ్మానే అని చెప్త. ఎల్లుండి గూడ."

పొద్దు నడినెత్తికి వచ్చాక కొమురెల్లి లేచాడు. కుళాయి దగ్గర మొహం కడుక్కొని, తువ్వాల ఉతికి రాతి మీద ఆరేసి, తిన్నగా నా దుకాణానికి వచ్చాడు. పీచు కుప్ప పక్కన కూర్చున్న ఆమెను చూశాడు. తెలియని ఆడమనిషి ఎదురైతే మర్యాదస్థులు తిప్పుకున్నట్టు చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"అన్నా, జర ఫోనిస్తవా? ఇంటికి జెయ్యాలె."

ఇచ్చాను. తడుముకోకుండా అంకెలన్నీ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లసుమవ్వ సంచిలో ఫోన్ మోగింది. ఆమె తీసి నా నంబరు చూసింది, నన్ను చూసింది. నేను తల ఊపాను. ఇంకేం చేయాలి? ఆమె చప్పుడు కాకుండా లేచి, దుకాణం వెనక్కి, పరదా అవతలికి పోయింది.

"హలో" అంది అవతలి నుంచి.

"లసుమీ" అన్నాడు.

గాలికి పరదా కొట్టుకుంటోంది. ఇద్దరికీ మధ్య ఉన్నది ఆ ప్లాస్టిక్ గుడ్డ ఒక్కటే. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లను నేను చేత్తోనే పక్క దుకాణానికి పొమ్మన్నాను.

"లసుమీ, ఇనవడ్తుందా? పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నది. నువ్వు తిన్నవా?"

"ఇంక లేదు. ఇయ్యాల జుమ్మా గదా, గిప్పటిదాక పండుకున్న."

"ఎప్పుడస్తవ్?"

ఆయన ఆలోచించాడు. దూరంగా గుట్ట కింది రోడ్డు వైపు చూశాడు. "అచ్చే యాడాది సూస్తనే. పని శాన ఉన్నది."

"సరే" అంది లసుమవ్వ. "పైలం. ఎండల తిరుగకు."

ఆయన నవ్వాడు.